ఇరవై ఏడో నంబరు హాజరు

నేను ఒక హాజరు పట్టీని. బడిలో ఉండే పుస్తకాల్లో నా హోదా ఏమంత పెద్దది కాదు. అడ్మిషన్ రిజిస్టరుకు ఇనుప బీరువాలో తాళం వేసిన అర ఉంటుంది. టీసీల పుస్తకాన్ని హెడ్మాస్టరు తప్ప ఎవరూ ముట్టుకోరు. నేను మాత్రం రోజంతా బల్ల మీద పడి ఉంటాను. సుద్దపొడి నా మీదే రాలుతుంది, టీ గ్లాసు నా అట్ట మీదే పెడతారు, ఈగలను కొట్టడానికి కూడా నన్నే ఎత్తుతారు. అయినా నాకు లోపల కొంత పొగరు ఉండేది. ఏ రోజు ఏ పిల్ల బడికి వచ్చిందో, ఏ పిల్లవాడు ఎగ్గొట్టాడో ఈ భూమ్మీద నాకు తెలిసినంత కచ్చితంగా ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. కన్నతల్లి పొరబడొచ్చు గానీ నేను పొరబడనని అనుకునేదాన్ని. ఆ పొగరు ఎలా అణిగిందో చెప్పుకుంటే మనసు కాస్త తేలికపడుతుంది.

నేను పుట్టింది పట్నంలో, బస్టాండు వెనక ఒక బైండింగ్ దుకాణంలో. తెల్ల కాగితాల మీద ముందు అడ్డంగా నీలం గీతలు పడ్డాయి, తర్వాత నిలువుగా ఎర్ర గీతలు. ఒక్కో నెలకు ఒక్కో పేజీ, పేజీలో రోజుకో గడి. నన్ను దారంతో కుట్టిన ఆమెకు చదువు రాదు. రోజుకు అరవై పట్టీలు కుట్టేది, వాటిలో ఒక్కదాంట్లోనూ ఆమె పేరు ఎన్నడూ ఎక్కలేదు. మనుషుల సంగతి నాకు మొదట అక్కడే కొద్దిగా అర్థమైంది. వీపుకు గుడ్డ అతికించి, అట్ట మీద లేబులు వేసి, నాలాంటి పాతిక పట్టీలతో కలిపి నన్ను కట్ట కట్టారు. జూన్ రెండో వారంలో మల్లుపేట ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు ప్రమీల మేడం ఆ కట్టలోంచి ఐదింటిని తీసుకుని సంచిలో వేసుకుంది. మూడో తరగతి నా వంతుకు వచ్చింది.

మల్లుపేటలో మగవాళ్లు ఎక్కువగా రైసుమిల్లుల్లో హమాలీ పనికి పోతారు. ఆడవాళ్లు ఇళ్లలో బీడీలు చుడతారు. పొద్దున ఏ అరుగు మీద చూసినా ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన ఆకు, తంబాకు, దారపు ఉండ. బడికి ఇద్దరే టీచర్లు, తరగతులు ఐదు. మూడు, నాలుగు, ఐదు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకుని సుదర్శన్ సారు చదువు చెప్పేవాడు. ఆయన నా మొదటి పేజీలో ముప్పై ఒక్క పేర్లు గుండ్రంగా రాశాడు. పొద్దున వస్తే ఒక ఏటవాలు గీత, మధ్యాహ్నం భోజనం తర్వాత కూడా ఉంటే దాని మీదుగా మరో గీత. రాకపోతే ఎర్ర సిరాతో ఆబ్సెంటు. నా భాష అంతే. ఇంతకన్నా తేలికైన భాష ఉండదు, అందుకే ఇందులో అబద్ధం చెప్పడం కూడా అంతే తేలిక.

ఇరవై ఏడో నంబరు గాజెంగి అర్చన. ఎనిమిదేళ్ల పిల్ల. పుట్టినప్పుడు ఊపిరి అందడం ఆలస్యమై కాళ్లూ చేతులూ బిగుసుకుపోయాయి, మాట కూడా మెల్లగా, ముక్కలుముక్కలుగా వస్తుంది. బుద్ధికి ఏ లోటూ లేదు. సారు నల్లబల్ల మీద కూడిక తప్పు వేస్తే తరగతిలో అందరికన్నా ముందు నవ్వేది ఆ పిల్లే. తండ్రి గంగాధర్ మిల్లుకు పోయేముందు సైకిలు మీద తెచ్చి దించేవాడు. నేల మీద కూర్చుంటే పక్కకు ఒరిగిపోతుందని గోడ మూలకు కూర్చోబెట్టేవారు. జూన్ పన్నెండు నుంచి జూలై పద్నాలుగు దాకా ఇరవై ఆరు పనిదినాలు. ఒక్క రోజు మానలేదు. ఆ ఇరవై ఆరు గడులనూ నేను ఇప్పటికీ తలెత్తుకుని చూపించగలను.

జూలై పద్నాలుగున అర్చన బాత్రూంకు పోతూ వరండా మెట్ల మీద పడింది. నుదురు చిట్లింది. ఎత్తబోయిన ఐదో తరగతి ఆడపిల్లలిద్దరూ భయపడి ఏడ్చారు. ఆ సాయంత్రం ప్రమీల మేడం తల్లిదండ్రులిద్దరినీ పిలిపించింది. తల్లి రాజమణి వేళ్లకు తంబాకు పసుపు అంటి ఉంది, పనిలోంచి అలాగే లేచి వచ్చినట్టుంది.

"చూడమ్మా రాజమణీ, నీ బిడ్డను మేం ఒద్దంట లేం" అంది మేడం. "ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. ఇయ్యాల నొసలు పగిలింది, రేపు ఇంకేమన్నయితె ఎవలు జవాబు చెప్పాలె? ఇంటికాడనే ఉంచుకో. పేరు కొట్టెయ్యం. పుస్తకాలిస్తం, డ్రెస్సులిస్తం, పై తరగతికి పంపిస్తం."

"నేనొచ్చి వరండల కూసుంట మేడం. బాత్రూంకు నేనే తీస్కవోత" అంది రాజమణి.

"బీడీల చాట ఒళ్లె పెట్టుకొని బళ్లె కూసుంటవా? పిల్లల ముంగట తంబాకు ఎట్ల కుదురుతది?"

బీడీలు చుట్టకుండా ఒక పూట కూర్చోవడం ఆ ఇంట్లో కుదిరే పని కాదు. గంగాధర్ రెండు చేతులూ జోడించి మేడంకు ఒకసారి, సారుకు ఒకసారి దండం పెట్టాడు. "మీ దయ. పేరుంటె చాలు" అన్నాడు.

సోమవారం సుదర్శన్ సారు వరసగా నంబర్లు పిలుస్తూ వచ్చి ఇరవై ఆరు తర్వాత ఆగాడు. కలం నా మీద నిలబడిపోయింది. ఆబ్సెంటు వేస్తూ పోతే కొన్నాళ్లకు పేరు తీసెయ్యమంటారేమోనని ఆయన భయం. చట్టం అలా తీసెయ్యొద్దంటుందని ఆయనకు తెలియక కాదు, చట్టానికన్నా పాత అలవాటు ముందు గుర్తొస్తుంది. పిల్లల సంఖ్య తగ్గితే ఉన్న ఇద్దరు టీచర్లలో ఒకరిని వేరే ఊరికి పంపేస్తారన్నది ప్రమీల మేడం భయం. రెండు భయాలూ కలిసి ఆ గడిలో ఒక గీత గీశాయి. మధ్యాహ్నం దాని మీద ఇంకో గీత పడింది.

అది నా మొదటి అబద్ధం. చెప్పింది నేను కాదని తప్పించుకోవచ్చు, కాని కాగితం నాది.

సుదర్శన్ సారు చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు సులువయ్యేది. ఆయన మంచివాడు. పలకలు లేని పిల్లలకు తన సంచిలోంచి పలకలు తీసి ఇచ్చేవాడు, పిల్లలను కొట్టడం ఎరగడు. ఇరవై ఏడో నంబరు గడిలో గీత గీసినప్పుడల్లా ఆయన ముఖంలో ఒక తృప్తి కనిపించేది. తాను ఎవరికో మేలు చేస్తున్నానన్న తృప్తి. మనుషుల్లో ఈ రకం తప్పు పట్టుకోవడం చాలా కష్టం. పట్టుకోబోతే పట్టుకున్నవాళ్లే పాపం చేసినట్టు ఉంటుంది.

ఆగస్టులో ఊరంతా జ్వరాలు వచ్చాయి. ఒక వారమైతే తరగతి సగానికి సగం ఖాళీ, నా పేజీ నిండా ఎరుపు. అర్చన మాత్రం ఒక్క పూట కూడా మానలేదు. సెప్టెంబరులో వాగు పొంగి అవతలి వాడ పిల్లలు మూడు రోజులు రాలేకపోయారు. అర్చన ఇల్లు కూడా ఆ వాడలోనే. ఆమె వచ్చింది. దసరా సెలవుల తర్వాత మొదటి రోజు ఏ బడిలోనైనా పది మందికి మించి ఉండరు, ఆ పదిమందిలో కూడా అర్చన ఉంది. ఇంత గొప్ప విద్యార్థిని నేను కనీవినీ ఎరగను.

ఆ నెలలన్నీ ఆ పిల్ల నిజంగా ఏం చేసిందో తర్వాత రాజమణి నోట విన్నాను. బట్టలైతే ఇచ్చారు కదా. పొద్దున లేవగానే ఆ యూనిఫాం వేయమని ఏడ్చేదట. వేసుకుని, రెండు జడలు వేయించుకుని, అరుగు మీద తల్లి పక్కన కూర్చునేదట. బడి వదిలే వేళకు తానే విప్పేయమనేదట. నేను బల్ల మీద అబద్ధం ఆడుతున్నంతసేపూ ఆ పిల్ల అక్కడ బడికి సిద్ధంగా కూర్చుని ఉంది. అది విన్నప్పుడు నాకు సిగ్గేసింది.

జనవరి ఇరవై ఆరున జెండా వందనానికి బహుమతులు ఇవ్వడం మల్లుపేట బడి ఆనవాయితీ. పరుగుపందానికి ఒకటి, పాటకు ఒకటి, అన్నింటికన్నా పెద్దది హాజరుకు. ఒక స్టీలు టిఫిను డబ్బా. ఏటా ఎవరికి వస్తుందో సుదర్శన్ సారే చూసి చెప్పేవాడు. ఆ వారం ఆయన పొద్దునే వచ్చి హాజరు వేసి, ఓటర్ల జాబితా పని మీద ఊళ్లకు పోయేవాడు. జనవరిలోనే కొత్తగా చేరిన విద్యా వాలంటీరు అమ్మాయి, ఒకటో తరగతి చూసుకునేది, పట్టీలన్నీ ముందేసుకుని ఒక మధ్యాహ్నమంతా కూడింది. శ్రద్ధగల పిల్ల. ఒక్క గడి కూడా వదల్లేదు. చీటీ మీద పేరు రాసి మేడంకు ఇచ్చింది.

ఆ రోజు నన్ను బహుమతుల బల్ల మీద పెట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. గంగాధర్ బిడ్డను భుజం మీద ఎత్తుకుని వచ్చాడు, రాజమణి పక్కన నిలబడింది. ప్రమీల మేడం మైకు పట్టుకుని చీటీ చదివింది. "నూటికి నూరు శాతం హాజరు, మూడో తరగతి, గాజెంగి అర్చన." చదివాక గానీ తానేం చదివిందో ఆమెకు తెలియలేదు. జనం చప్పట్లు కొట్టారు. పిల్లలు మాత్రం కొట్టలేదు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గంగాధర్ ఏమీ తోచక నడిచి ముందుకు వచ్చాడు. మేడం డబ్బా అందించింది. మైకు ఆమె చేతిలోనే ఉంది, అర్చన నోటికి జానెడు దూరంలో.

"నేను... బడికి... రాలే" అంది అర్చన.

ఆ మూడు మాటలకు చాలాసేపు పట్టింది. మైకులో ఊరంతటికీ వినబడ్డాయి. ఆ ఊళ్లో ఆ పిల్ల మాట అంతమంది ఒక్కసారి వినడం అదే మొదలు.

రాజమణి బల్ల దగ్గరకు వచ్చింది. డబ్బాను ముట్టుకోలేదు. "మేడం, నా బిడ్డ ఎన్ని దినాలు వచ్చింది?" అని అడిగింది. పాపం ఏమీ తెలియని వాలంటీరు అమ్మాయి నా పేజీ చూసి, "నూట నలభై నాలుగు రోజులమ్మా. ఒక్క రోజు కూడా మానలేదు" అంది.

గంగాధర్ భార్య చెయ్యి పట్టుకుని లాగాడు. "సార్లతోని పంచాయితి ఎందుకే, మన మంచికే వేసిండ్రు" అన్నాడు. ఆమె చెయ్యి విడిపించుకుంది.

సోమవారం పొద్దున ఆమె ముందు మండల విద్యాధికారి ఆఫీసుకు పోయింది. తిరిగి వచ్చి గేటు దగ్గర నిలబడి సుదర్శన్ సారుతో చెప్పింది. కిటికీ తెరిచే ఉంది, నేను విన్నాను.

"నా బిడ్డకు బెల్టున్న కుర్చీ కావాలె, బాత్రూంకు తోల్కవోను ఆయమ్మ కావాలె అని అడిగిన సారూ. ఆయన కంప్యూటర్ల జూసిండు. నీ బిడ్డ దినాం బడికి పోతుంది గదనమ్మా, ఒక్క దినం గూడ మానలే, ఇంకేం కష్టమున్నదని ఇవన్నీ ఇయ్యాలె అన్నడు. నేనేం చెప్పాలె?"

"నీ బిడ్డ కోసమే వేసిన రాజమణీ. ఆబ్సెంటు వేస్తె పేరు పోయేది" అన్నాడు సారు.

"పేరు బళ్లె, బిడ్డ ఇంట్లె. నా బిడ్డ కోసమే అయితే నా బిడ్డను కూసోబెట్టు సారూ. ఆ రాని దినాలకు ఆబ్సెంటు వెయ్యి. ఇయ్యాల్టి సంది లోపలికి రానియ్యి. ఈ రెండే అడుగుతున్న."

పిల్లకు ఆబ్సెంటు వేయమని అడిగిన తల్లిని నా జాతిలో ఏ పట్టీ చూసి ఉండదు. ప్రమీల మేడం బయటికి వచ్చి, పిల్లకు ఏమైనా అయితే బాధ్యత తనదవుతుందని, ఆయా లేకుండా లోపల కూర్చోబెట్టలేనని మళ్లీ చెప్పింది. కోపంగా కాదు, అలిసిపోయిన మనిషి చెప్పినట్టు చెప్పింది. ఆయా కావాలంటే పిల్ల బడికి రావడం లేదని కాగితం మీద ఉండాలి. కాగితం మీద పిల్ల రోజూ వస్తోంది. అడ్డం పడి ఉన్నది నేనే.

ఆ రోజు నుంచి రాజమణి గేటు బయట కూర్చుంది. ఇంటి నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, అందులో అర్చనను కూర్చోబెట్టి, జారిపోకుండా తువ్వాలతో నడుముకు కట్టింది. తాను పక్కన నేల మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టింది. గేటు బయట గనక తంబాకు గురించి ఎవరూ ఏమీ అనలేకపోయారు. గంగాధర్ సైకిలు మీద ఇద్దరినీ దించి, సారు కంట పడకుండా తల వంచుకుని మిల్లుకు పోయేవాడు.

సుదర్శన్ సారు కష్టం అప్పుడు మొదలైంది. ఇరవై ఆరు పిలిచాక ఇరవై ఏడు. ప్రెజెంటు వేద్దామంటే పిల్ల గదిలో లేదు, తల్లి కిటికీలోంచి చూస్తోంది. ఆబ్సెంటు వేద్దామంటే యూనిఫాం వేసుకుని పిల్ల గేటు దగ్గర కూర్చుని ఉంది. ఏది వేసినా అబద్ధమే. ఇన్నాళ్లూ ఒక గీతతో పోయిన పని ఇప్పుడు ఆయన చేతిలో కదలలేదు. కలం మూత పెట్టి ఇరవై ఎనిమిది పిలిచాడు. ఆ గడి ఖాళీగా ఉండిపోయింది.

హాజరు పట్టీలో ఖాళీ గడి ఎంత పెద్ద తప్పో బడి ఎరగనివాళ్లకు తెలియదు. తప్పుడు గీత ఉన్నా ఎవరూ అడగరు. ఖాళీ ఉంటే నెలాఖరున మొత్తం వేయడం కుదరదు, మొత్తం కుదరకపోతే నెలవారీ నివేదిక ఆఫీసుకు పోదు. జనవరిలో నాలుగు ఖాళీలు మిగిలాయి. ఫిబ్రవరిలో ఒకటి, రెండు, మూడు అని పెరిగాయి. ప్రమీల మేడం రోజూ వచ్చి నన్ను తెరిచి చూసేది. "ఏదో ఒకటి వెయ్యి సుదర్శన్, ఆఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు" అనేది. ఆయన తల ఊపేవాడు, వేసేవాడు కాదు.

ఇంకో సంగతి కూడా జరుగుతూ వచ్చింది. పిల్లలు ఎక్కాలు అప్పజెబుతుంటే గేటు దగ్గర నుంచి అర్చన కూడా చెప్పేది. గదిలో ఏడో ఎక్కం అయిపోయేసరికి ఆమె ఇంకా సగంలో ఉండేది. మొదట్లో పిల్లలు నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు. తొమ్మిదో రోజున సారు ఒక్కో వరస తర్వాత చెయ్యెత్తి తరగతిని ఆపాడు. బయటి నుంచి ఆ వరస వచ్చాక చెయ్యి దించాడు. ఏడో ఎక్కానికి ఆ రోజు పావుగంట పట్టింది. రాజమణి బీడీలు చుట్టడం ఆపి కిటికీ వైపు చూసింది.

పది ఖాళీలు అయ్యాక మండల విద్యాధికారి స్వయంగా వచ్చాడు. తల్లిదండ్రులను లోపలికి పిలిచారు. మేడం గదిలో బల్ల మీద నన్ను తెరిచి పెట్టారు. ఆయన ఒక్కో నెలా తిప్పాడు, చూపుడువేలు ఇరవై ఏడో వరస మీద పెట్టి మెల్లగా జరిపాడు. ఆ వేలు నా మీద జరుగుతుంటే ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

"జనవరి ఇరవై ఐదు దాకా ఈ అమ్మాయి ఒక్క రోజు మానలేదు. ఆ తర్వాత అన్నీ ఖాళీలు. ఇందులో ఏది నిజం?" అని అడిగాడు.

"పిల్ల వస్తూ పోతూ ఉండేది సార్, మొత్తానికి రాలేదని కాదు..." అని మేడం మొదలుపెట్టింది.

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడ్డ గంగాధర్ ముందుకు వచ్చాడు. మిల్లు నుంచి నేరుగా వచ్చాడేమో, వెంట్రుకల నిండా తవుడు.

"సారూ, నాకు సదువు రాదు. జులైల ఈ మేడంకు, ఈ సారుకు రెండు చేతులెత్తి దండం వెట్టిన. పేరుంచుతున్నరు, దేవుళ్లనుకున్న. నా భార్య గేటు కాడ కూసుంటె సిగ్గయి తల వంచుకొని పోయిన. నిన్న మిల్లుల ఒకాయన చెప్పిండు, బళ్లె కూసునుడు బిడ్డ హక్కంట, సర్కారు చట్టమంట, ఒకల దయ కాదంట. దయ గాని దానికి నేను దండమెందుకు వెట్టిన? నా దండం నాకు వాపస్ ఇయ్యుండ్రి."

సుదర్శన్ సారు జేబులోంచి ఎర్ర కలం తీశాడు. నన్ను తన వైపు తిప్పుకున్నాడు. ఫిబ్రవరి పేజీ కింద మిగిలిన జాగాలో రాశాడు: 'జూలై 16 నుంచి జనవరి 25 వరకు 27వ నంబరు విద్యార్థిని బడికి రాలేదు. మేమే రావద్దన్నాము. నూట పద్దెనిమిది రోజుల హాజరు వేసింది నేను.' కింద సంతకం, తారీఖు. ఉద్యోగం మీదికి వస్తుందని తెలిసే రాశాడు. మేడం కళ్లు మూసుకుంది. నా మీద ఇన్ని రాతలు పడ్డాయి గానీ, ఆ మూడు వాక్యాలకు ఉన్న బరువు దేనికీ లేదు.

ఆ తర్వాత అన్నీ కాగితాల మీద చకచకా నడిచాయి. సారుకు మెమో ఇచ్చారు, జూన్‌లో బదిలీ అన్నారు. ఆ పది ఖాళీల్లో ఆబ్సెంటు వేయించారు. పాత గీతలను దిద్దడానికి మాత్రం వీల్లేదన్నారు, రికార్డులో కొట్టివేతలు ఉండకూడదట. కాబట్టి ఆ నూట పద్దెనిమిది అబద్ధాలు ఇప్పటికీ నా ఒంటి మీద చెక్కుచెదరకుండా ఉన్నాయి. అర్చనను సోమవారం నుంచి గదిలో కూర్చోబెట్టాలని, బెల్టు కుర్చీ పంపాలని, మెట్ల పక్కన వాలు కట్టాలని, ఆయాను ఇచ్చేందుకు పైకి రాస్తామని అధికారి రాయించాడు. ఆయా వచ్చేదాకా చాట బయట పెట్టి తల్లి లోపలికి వచ్చి పోవచ్చని మేడం ఒప్పుకుంది. చివర ఒక కాగితం రాజమణి ముందు పెట్టారు. 'ఫిర్యాదు పరిష్కరించబడినది' అని ఉంది. సంతకం పెట్టమన్నారు.

రాజమణి ఐదో తరగతి దాకా చదివింది. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది.

"మరి ఆ నూట పద్దెనిమిది దినాలు సారూ? పుస్తకంల ఉన్నయి, నా బిడ్డ కాడ లేవు. అవెప్పుడిస్తరు?"

అధికారి కలానికి మూత పెట్టాడు. మేడం కిటికీ వైపు చూసింది. ఆ ప్రశ్నకు జవాబు ఏ ఉత్తర్వులోనూ లేదు. రాజమణి సంతకం పెట్టకుండానే లేచింది.

ఫిబ్రవరి పదకొండున అర్చన గదిలో కూర్చుంది. కుర్చీ మార్చిలో వచ్చింది, వాలు మాత్రం ఊరివాళ్లే షాబాదు బండలు పరిచి కట్టారు, ఆయా ఆ ఏడాది రానేలేదు. అర్చన మధ్యలో అమ్మవారు పోసి వారం రోజులు మానింది. సారు ఎర్ర సిరాతో ఆబ్సెంటు వేశాడు. ఆ ఎరుపు చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. ఏప్రిల్ ఇరవై మూడున బడి మూశారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఏడాదితో తీరిపోయే ఆయుష్షు నాది.

మే రెండో తారీఖున తాళం తీసిన చప్పుడైంది. సుదర్శన్ సారు వచ్చాడు. మేడం ఇంటికి పోయి తాళంచెవి అడిగితే, ఆమె ఎందుకని కూడా అడగకుండా ఇచ్చిందట. సైకిలు మీద గంగాధర్ అర్చనను తెచ్చాడు. రాజమణి గుమ్మంలో నిలబడింది. సారూ ఆమే ఇంకా మనసు విప్పి మాట్లాడుకోవడం లేదు. "పొద్దున ఏడు నుంచి పది దాకా చెప్త. ఎండ ముదిరేలోపు తీస్కపోండ్రి" అన్నాడు ఆయన. ఆమె సరేనని తల ఊపింది, అంతే.

ఆయన బీరువాలోంచి నన్ను తీశాడు. హాజరు పట్టీల్లో మే నెల పేజీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. అది సెలవుల నెల, ఏ సారూ దాన్ని తెరవడు. ఆయన తెరిచాడు. ఒకటో నంబరు వేసి, గాజెంగి అర్చన అని రాశాడు. రెండో నంబరు లేదు. నలభై వరసల పేజీలో ఒక్క పేరు. ఆ నెలంతా ఆ గదిలో ఒక కుర్చీ, ఒక పిల్ల, ఒక సారు. కూడికలు, ఎక్కాలు, చదివిన వాక్యం మళ్లీ చదవడం. ఒక్కో మాట పూర్తయ్యేదాకా ఆయన ఎదురుచూసేవాడు. నూట పద్దెనిమిదికి అది ఎంత తక్కువో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. జూన్‌లో ఆయన బదిలీ మీద పోయాడు. అర్చన పేరు నాలుగో తరగతి పట్టీలోకి ఎక్కింది. ఆ తర్వాత ఆమె సంగతి నాకు తెలియదు. నన్ను మిగతా పాత పట్టీలతో కట్ట కట్టి మండలాఫీసు రికార్డు గదిలో పడేశారు.

రెండేళ్ల కిందట ఒక తనిఖీ గుమాస్తా వచ్చి పాత పట్టీలన్నీ విప్పి చూశాడు. జూలై నుంచి జనవరి దాకా నా పేజీలు తిప్పి, మొత్తాలు సరిపోయాయని ప్రతి పేజీ కింద పచ్చ టిక్కు పెట్టాడు. ఫిబ్రవరి పేజీలో ఎర్ర సిరాతో ఉన్న రాత ఆయన పనికి సంబంధించింది కాదు గనక చదవలేదు. మే పేజీ దగ్గర ఆగిపోయాడు. చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, ఒక చీటీ రాసి గుండుసూదితో గుచ్చాడు. 'సెలవు దినములలో హాజరు నమోదు. తప్పుడు నమోదుగా కనబడుచున్నది. సంజాయిషీ కోరవలెను.'

ఆ చీటీ ఇంకా నాకే గుచ్చి ఉంది. సంజాయిషీ ఎవరూ ఇవ్వలేదు, ఎవరినీ అడగలేదు కూడా. అడిగితే నేనే ఇస్తాను. ఆ నెలలో ఇరవై ఆరు రోజులు బడి నడిచింది. ఒక పిల్ల ఇరవై నాలుగు రోజులు వచ్చింది. రెండు రోజులు రాలేదు. ఆ రెండు రోజులకూ రాలేదనే రాసి ఉంది.